న్యాయవాద వృత్తి (తెలంగాణ)

న్యాయస్థానంలో కక్షిదారు పక్షాన వ్యాజ్యం నడుపుటకు, వాదించుటకు చట్టప్రకారం అర్హత పొందిన వ్యక్తిని న్యాయవాది అంటారు. తెలంగాణ పల్లెలలో నేటికీ ఎక్కువగా వినిపించే మాట వకీలు. ఇది అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చింది. కక్షిదారు తన తరఫున వాదించే అధికారమిస్తూ సంతకం చేసే పత్రానికి వకాల్తానామా అనే పేరు కూడా ఇందులోనుండి పుట్టినదే. ఈ వ్యాసం ప్రధానంగా పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేపథ్యంలో న్యాయవాదుల పనిని, ఆ పనికి వృత్తిలో లభించే గుర్తింపును వివరిస్తుంది.

నిజాం కాలం

హైదరాబాదు సంస్థానంలో న్యాయస్థానాల భాష ఉర్దూ. ఫిర్యాదు, సాక్ష్యం, తీర్పు అన్నీ ఉర్దూలోనే నడిచేవి. నల్గొండ జిల్లా రైతు తన భూమి తగాదాను తెలుగులో చెప్పుకుంటే, దానిని ఉర్దూలోకి మార్చి న్యాయమూర్తి ముందుంచే బాధ్యత వకీలుది. అందుచేత వకీలు వాదించేవాడే కాక అనువాదకుడు కూడా. చట్టం తెలియని వారికి, ఉర్దూ రానివారికి అతడొక్కడే దిక్కు. ఈ స్థితి వకీలుకు గౌరవాన్ని, పలుకుబడిని తెచ్చిపెట్టిన మాట నిజమే కాని, కక్షిదారు తన సొంత కేసులో ఏమి జరుగుతున్నదో తెలియని స్థితిలో ఉండేవాడని కూడా గుర్తించాలి.

తెలుగువారి సాంస్కృతిక ఉద్యమం మొదలైనది కూడా ఒక వకీలుకు జరిగిన అవమానంతోనే. 1921 నవంబరు 12న హైదరాబాదులో మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకట రామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలి చేసి అడ్డుకున్నారు. ఆ రాత్రే ఆంధ్ర జన సంఘం ఏర్పడింది. తరువాత నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశాలకు అధ్యక్షత వహించినవారిలో పలువురు న్యాయశాస్త్రం చదివినవారే. 1930 జోగిపేట సభకు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి, 1931 దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు, 1935 సిరిసిల్ల సభకు మాడపాటి హనుమంతరావు, 1936 షాద్‌నగర్ సభకు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షులు. మాడపాటి 1917లో వకీలు పరీక్షలో ఉత్తీర్ణుడై హైదరాబాదులో వృత్తి ప్రారంభించాడు.

బూర్గుల 1899 మార్చి 13న కల్వకుర్తి తాలూకా పడకల్లు గ్రామంలో జన్మించాడు. పూనా ఫెర్గూసన్ కళాశాలలో డిగ్రీ, బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి 1924లో హైదరాబాదులో వృత్తి చేపట్టాడు. తరువాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు ఆయన వద్ద జూనియరుగా పనిచేశాడు. బూర్గుల 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నాడు. అంతకుముందు ఆయన రెవెన్యూ మంత్రిగా ఉన్న కాలంలోనే 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు హక్కుల గురించిన ఈ చట్టం తెలంగాణ సివిలు న్యాయవాదులకు డెబ్బై ఏళ్ళకు పైగా పని కల్పిస్తూనే ఉంది. దానిలోని 38-ఇ సెక్షను పేరు వినని భూమి వకీలు ఈ ప్రాంతంలో ఉండడు.

ఐలమ్మ వ్యాజ్యం

నాటి నల్గొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో కౌలు భూమి సాగుచేసుకునే చిట్యాల (చాకలి) ఐలమ్మకు, విసునూరు దేశముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి జరిగిన భూవివాదం తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో ప్రసిద్ధం. పొలంలో పంటను కాపాడుకున్న ఘట్టం అందరికీ తెలిసినదే. అదే వివాదం న్యాయస్థానానికి కూడా వెళ్ళిందని, అక్కడ కూడా ఆమె గెలిచిందని తెలిసినవారు తక్కువ. ఆమె పక్షాన వాదించినది కొండా లక్ష్మణ్ బాపూజీ (1915 - 2012). పద్మశాలి కుటుంబంలో పుట్టి 1940లో హైదరాబాదులో వకీలుగా స్థిరపడిన బాపూజీ ఒకవైపు రైతుల, రాజకీయ ఖైదీల కేసులు వాదిస్తూ మరొకవైపు చేనేత సహకార సంఘాల నిర్మాణానికి కృషి చేశాడు. 1967లోను, 1972లోను భువనగిరి నియోజకవర్గం నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆయన వృత్తి జీవితం రాజకీయ జీవితపు నీడలో పడిపోయింది. ఆయన వాదించిన కేసుల చరిత్ర ఇంకా రాయవలసే ఉంది.

జనార్దన రెడ్డి కేసు

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత సైనిక గవర్నరు పాలనలో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఏర్పాటయ్యాయి. సాయుధ పోరాటానికి సంబంధించిన హత్య కేసులలో నల్గొండ జిల్లాకు చెందిన పలువురికి ఇవి 1949 ఆగస్టులో మరణశిక్ష విధించాయి. 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు శిక్షలను ధ్రువీకరించింది. భారత రాజ్యాంగం అమలులోకి వచ్చినది 1950 జనవరి 26న. ఈ కొద్ది వారాల తేడాయే కేసు మొత్తాన్ని నిర్ణయించింది. రాజ్యాంగానికి ముందే తీర్పు వెలువడింది కనుక దానిపై అప్పీలు తమ ముందుకు రాదని 1950 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

తరువాత ఖైదీలు 32వ అధికరణం క్రింద హెబియస్ కార్పస్ దరఖాస్తులు వేశారు. జనార్దన రెడ్డి వర్సెస్ హైదరాబాదు రాష్ట్రం అనే పేరుతో న్యాయగ్రంథాలలో కనిపించేది ఈ కేసే. ఖైదీల పక్షాన ఇంగ్లండు నుండి వచ్చి వాదించిన డి.ఎన్.ప్రిట్ అక్కడ 1927లో కింగ్స్ కౌన్సెల్ హోదా పొందిన ప్రముఖ న్యాయవాది. మరుసటి ఏడాది కెన్యాలో జోమో కెన్యాట్టా పక్షాన వాదించినది కూడా ఆయనే.

ప్రిట్ లేవనెత్తిన అంశాలలో ముఖ్యమైనది ఒకటి ఉంది. మరణశిక్ష పడగల విచారణలో నిందితులకు తగిన న్యాయవాది లేకపోతే ఆ విచారణ చెల్లుతుందా? 1951 మార్చి 16న ఫజల్ అలీ రాసిన తీర్పు దరఖాస్తులను కొట్టివేసింది. వకీలు లేనంత మాత్రాన ప్రతి మరణశిక్ష విచారణా చెల్లదని సూత్రీకరించలేమని న్యాయస్థానం అభిప్రాయపడింది. అయితే న్యాయసహాయం లేక నిందితుడు నిస్సహాయుడైపోయి, విచారణ న్యాయబద్ధతనే కోల్పోయిన సందర్భాలలో అప్పీలు కోర్టు జోక్యం చేసుకోవచ్చునని కూడా చెప్పింది. దేశ విదేశాలలో జరిగిన ఆందోళన తరువాత ఈ శిక్షలు యావజ్జీవ శిక్షలుగా తగ్గించబడ్డాయి. అనగా ఉరినుండి ఖైదీలను తప్పించినది తీర్పు కాదు, తీర్పు దాకా గడిచిన కాలము, వచ్చిన ప్రచారము. ఉరి అమలును ఆపించి ఆ కాలాన్ని సంపాదించి పెట్టినది మాత్రం న్యాయవాదులే. న్యాయవాది పనిని గెలుపు ఓటములతోనే కొలవరాదనుటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పేదలకు ఉచిత న్యాయసహాయం రాజ్యాంగంలో 39-ఎ అధికరణంగా చేరడానికి 1976 దాకా, దానికోసం చేసిన 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం అమలులోకి రావడానికి 1995 దాకా ఆగవలసివచ్చింది.

ఆ తీర్పు వచ్చిన సుమారు నెల రోజులకు, 1951 ఏప్రిల్ 18న, అదే నల్గొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చాడు. (ఈయన, పైన చెప్పిన విసునూరు దేశముఖ్ వేరువేరు వ్యక్తులు.) భూసమస్యను కోర్టులు, తుపాకులు లేకుండా పరిష్కరించుట భూదానోద్యమ ఆశయం. కాని దానమిచ్చిన భూమికి కూడా హద్దులు, పట్టా, వారసులు ఉంటారు. 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేయవలసి వచ్చింది. దాన భూముల వివాదాలు తరువాతి దశాబ్దాలలో కోర్టులకెక్కాయి.

న్యాయవాది పని

సినిమాలలో చూపే వాదన న్యాయవాది పనిలో చిన్న భాగం మాత్రమే. సివిలు వ్యాజ్యంలో మొదట కక్షిదారు చెప్పినది విని, పహాణీలు, దస్తావేజులు, రసీదులు పరిశీలించి దావా తయారుచేయాలి. ప్రతివాది జవాబు దాఖలు చేసిన తరువాత న్యాయమూర్తి వివాదాంశాలను నిర్ణయిస్తాడు. పిమ్మట సాక్షుల ముఖ్య విచారణ, అడ్డు విచారణ, చివరకు వాదనలు. వీటి మధ్య ఎన్నో వాయిదాలు. న్యాయవాది నేర్పు బయటపడేది అడ్డు విచారణలో. ఎదుటి సాక్షిని ఏమి అడగాలో తెలియడం సగమైతే, ఏమి అడగకూడదో తెలియడం మిగతా సగం. కేసు కట్టలు, తేదీలు చూసే గుమాస్తా లేకుండా జిల్లా కోర్టు వకీలుకు రోజు గడవదు.

చట్టం మారినప్పుడల్లా పని స్వరూపం మారుతుంది. తెలంగాణలో 2020 నాటి చట్టంతో రెవెన్యూ కోర్టులు రద్దయి భూమి తగాదాలు సివిలు కోర్టుల వైపు మళ్ళాయి. 2025లో భూభారతి చట్టం తిరిగి రెవెన్యూ అధికారులకు అప్పీలు చేసుకునే వీలు కల్పించింది. పోచంపల్లి నేతకు 2004-05లో లభించిన భౌగోళిక గుర్తింపు మరొక ఉదాహరణ. ఆ పేరును ఇతరులు వాడుకుంటే దావా వేయవలసినది జిల్లా కోర్టులో లేదా అంతకు పై కోర్టులోనే అని 1999 చట్టం నిర్దేశిస్తుంది. గుర్తింపు పత్రం మగ్గం మీద ఉన్నవాడికి మేలు చేయాలంటే దానిని కోర్టులో నిలబెట్టే వకీలు కావాలి.

వృత్తిలో గుర్తింపు

న్యాయశాస్త్ర పట్టా పొందినవారు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. 2010 నుండి అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణత కూడా తప్పనిసరి అయింది. 1961 అడ్వొకేట్ల చట్టం 16వ సెక్షను న్యాయవాదులను రెండు తరగతులుగా విభజిస్తుంది. అవి సీనియర్ న్యాయవాదులు, ఇతర న్యాయవాదులు. సీనియర్ హోదాను సుప్రీంకోర్టు గాని హైకోర్టు గాని సదరు న్యాయవాది సమ్మతితో ఇస్తుంది. ఈ హోదా పొందినవారికి కోర్టులో ముందుగా వినిపించుకునే హక్కు ఉంటుంది. అయితే వారు వకాల్తా దాఖలు చేయరాదు, దావా పత్రాలు రాయరాదు, కక్షిదారుతో నేరుగా కేసు ఒప్పుకోరాదు, మరొక న్యాయవాది తోడు లేకుండా హాజరు కారాదు.

హోదా ఎవరికి ఇవ్వాలన్నది చాలాకాలం న్యాయమూర్తుల ఓటుపై ఆధారపడి ఉండేది. ఇందిరా జైసింగ్ వేసిన కేసులో 2017 అక్టోబరు 12న సుప్రీంకోర్టు 100 మార్కుల పద్ధతిని ప్రవేశపెట్టింది. అనుభవం, పేరుతో నమోదైన తీర్పులు, రచనలు, ముఖాముఖి అన్నింటికీ మార్కులుండేవి. అచ్చయిన తీర్పులకు మార్కులిచ్చినపుడు అటువంటి తీర్పులు ఎక్కువగా వెలువడే పై కోర్టుల వకీలుకే లాభం. మున్సిఫ్ కోర్టులో ఇరవై ఏళ్ళు అడ్డు విచారణలు చేసినవాడి పేరు ఏ తీర్పుల సంపుటిలోను కనిపించదు. 2025 మే 13న ఇచ్చిన మరొక తీర్పులో సుప్రీంకోర్టు ఈ మార్కుల పద్ధతిని రద్దుచేసి, హైకోర్టులు కొత్త నియమాలు చేసుకోవాలని ఆదేశించింది. విచారణ కోర్టులలోను, ట్రిబ్యునళ్ళలోను పనిచేసే న్యాయవాదుల పాత్ర తక్కువది కాదని, వారిని కూడా హోదాకు పరిశీలించే ఏర్పాటు ఉండాలని అందులో స్పష్టంగా చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువాడైన న్యాయమూర్తి ఎస్.వి.ఎన్.భట్టి కూడా ఉన్నాడు.

ఇవికాక ప్రభుత్వ ప్లీడరు, పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవులు, బార్ అసోసియేషను ఎన్నికలు, న్యాయమూర్తి నియామకం కూడా గుర్తింపు మార్గాలే. ఏడేళ్ళ అనుభవంతో జిల్లా న్యాయమూర్తి పదవికి, పదేళ్ళ హైకోర్టు అనుభవంతో హైకోర్టు న్యాయమూర్తి పదవికి అర్హత వస్తుంది. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోరాదని బార్ కౌన్సిల్ నియమం. 2008 సవరణ వెబ్‌సైటులో పేరు, చిరునామా వంటి ప్రాథమిక వివరాలకు మాత్రం అనుమతించింది. అందుచేత జిల్లా కేంద్రాలలో వకీలుకు పేరు వచ్చేది నేటికీ నోటిమాట ద్వారానే.

కెనడాతో పోలిక

ప్రిట్‌కు ఉన్న కింగ్స్ కౌన్సెల్ హోదా బ్రిటిషు సామ్రాజ్యమంతటా వ్యాపించింది. కెనడాలో అది నేటికీ ఉంది. భారతదేశంలో హోదానిచ్చేది కోర్టు కాగా కెనడాలో ఇచ్చేది ప్రభుత్వం. అందువలన రాజకీయాల ఆరోపణ తప్పలేదు. ఒంటారియో రాష్ట్రం 1985లో ఈ హోదానివ్వడం మానివేసి, 2023లో తిరిగి ఇచ్చినపుడు పాలకపక్షానికి దగ్గరివారి పేర్లు జాబితాలో ఉన్నాయని విమర్శలు వచ్చాయి. 1950లో స్థాపించబడిన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ట్రయల్ లాయర్స్ అనే సంస్థ అమెరికా, కెనడాలలో కనీసం 15 ఏళ్ళు విచారణ కోర్టు అనుభవం గల న్యాయవాదులను ఆహ్వానంపై మాత్రమే చేర్చుకుంటుంది. దరఖాస్తు చేసుకునే వీలు లేదు. విచారణ కోర్టు పనినే ప్రమాణంగా తీసుకొనుట దీని విశేషం.

కెనడాలో న్యాయవాదులను నియంత్రించేది రాష్ట్రాల లా సొసైటీలు. ఒంటారియో సొసైటీ 1797 నాటిది. భారతదేశంలో న్యాయశాస్త్రం చదివి వలస వెళ్ళిన తెలుగువారు అక్కడ వృత్తి చేయాలంటే తమ పట్టాను జాతీయ అక్రెడిటేషన్ కమిటీ చేత పరిశీలింపజేసుకుని, అది సూచించిన పరీక్షలు రాసి, తరువాత లైసెన్సు పొందాలి. ఇక్కడ ఎన్నేళ్ళు వాదించినా కోటు వేసుకోగానే అక్కడ కోర్టులో నిలబడటం కుదరదు.

ప్రస్తుత కోర్టులు

2016 అక్టోబరులో పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు అనుగుణంగా న్యాయ జిల్లాలు ఏర్పడడంతో భువనగిరి జిల్లా న్యాయస్థాన కేంద్రమైంది. తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు 2019 జనవరి 1న ప్రారంభమైంది. హైకోర్టు భాష ఆంగ్లమే అయినా, 2023 జూన్‌లో ఒక ఆస్తి వివాదంలో తెలంగాణ హైకోర్టు తొలిసారిగా తెలుగులో తీర్పు వెలువరించింది.