ఓలి, గొత్తి, పట్టా

కొయ్యూరు అనగానే తెలుగువాళ్లకు 1924 మే 7 గుర్తొస్తుంది. మంప దగ్గర పట్టుబడిన అల్లూరి సీతారామరాజును ఆ రోజు ఇక్కడే కాల్చి చంపారు. ఆ మరణం గురించి చాలా రాశారు. ఆ కొండల్లో ఇల్లు ఎలా నడిచేది, ఎవరి చాకిరీ ఎవరికి దక్కేది అన్నది మాత్రం పట్టించుకున్నవాళ్లు తక్కువ. అతను నడిపిన పితూరీ, అంటే తిరుగుబాటు కథను పోలీసు స్టేషన్ నుంచి కాక పొయ్యి దగ్గర నుంచి మొదలుపెట్టి చూడొచ్చు.

బగతలు, కొండదొరలు, కోయలు ఉండే ఈ మన్యంలో బతుకు చాలాకాలం పోడు మీదే సాగింది. మగవాళ్లు చెట్లు నరికి తగలబెట్టేవారు. ఆ తర్వాత విత్తడం, కలుపు, కోత, దంపుడు, అడవిలో చింతపండూ అడ్డాకులూ ఏరుకురావడం చాలావరకు ఆడవాళ్ల పని. పిల్ల అత్తారింటికి వెళితే పుట్టింట రెండు చేతులు తగ్గినట్టే. అందుకే పెళ్లికొడుకు వైపువాళ్లు ఓలి ఇచ్చుకునేవారు. ఇచ్చుకోలేనివాడు మామ ఇంట కొన్నేళ్లు పాటుపడి పిల్లను తెచ్చుకునేవాడు. డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్తర్ బోసెరప్ 1970లో వెలువరించిన పుస్తకంలో ఇదే సంగతి ఆఫ్రికా, ఆసియా దేశాలను కలిపి చూపించింది. స్త్రీలే పొలం చూసుకునే పోడు ప్రాంతాల్లో కన్యాశుల్కం కనిపిస్తుంది, మగవాడు నాగలి పట్టే చోట కట్నం వైపు మొగ్గు ఉంటుంది. నర్సీపట్నం దాటి మైదానంలోకి దిగితే ఆ తేడా మనకూ తెలుస్తుంది.

అలాగని ఓలిని స్త్రీ గౌరవానికి గుర్తుగా పొగిడేవాళ్లతో నేను ఏకీభవించలేను. వెల కట్టింది ఆమె కష్టానికి, సొమ్ము వెళ్లింది ఆమె తండ్రికి. ఇష్టం లేని మగణ్ణి వదిలి మరొకరితో వెళ్లే వీలు మైదానపు ఆడదానికన్నా ఆమెకు ఎక్కువ ఉండేది, నిజమే. అయితే కొత్త మగడు పాతవాడికి ఓలి సొమ్ము తీర్చాలి.

ఆ సొమ్ము ఎక్కణ్ణుంచి వస్తుంది? చిక్కంతా అక్కడే. పెళ్లికో చావుకో అప్పు చేసినవాడు అది తీరేదాకా షావుకారు దగ్గరో మరో ఆసామి దగ్గరో పని చేసేవాడు. దాన్నే గొత్తి అన్నారు. వడ్డీ లెక్క అప్పిచ్చినవాడి నోట్లో ఉండేది కాబట్టి అప్పు తండ్రి నుంచి కొడుక్కి దిగేది. కాపురం మొదలుపెట్టడానికి చేసిన అప్పే ఆ కాపురం నుంచి మగవాణ్ణి లాక్కుపోయేది. ఇంటి బరువు మళ్లీ ఆడదాని మీదే.

దీనిపైన సర్కారు వచ్చి కూర్చుంది. 1837లో ఈ కొండలున్న గొలుగొండ జమీందారీ ప్రభుత్వం చేతికి పోయింది. మన్యంలో శిస్తు వసూలు ముఠాదారుల చేతుల్లో ఉండేది, వాళ్లకు గ్రామస్థులు వెట్టి చేయాలి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు గీతలు పోడును కుదించాయి. పంట తగ్గితే అప్పు పెరుగుతుంది, అప్పు పెరిగితే గొత్తి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ కొండవాళ్లతో కూలి సరిగా ఇవ్వకుండా పని చేయించాడన్న కోపం దానికి తోడైంది. బట్టిపనుకుల గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర సీతారామరాజు పక్షాన నిలిచారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై వరసగా దాడులు జరిగాయి. ప్రాణాలతో బయటపడ్డ మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు.

గొత్తి లాంటి అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ ఏజెన్సీకి, అంటే మన్యానికి, ప్రత్యేక రెగ్యులేషన్ 1940లో వచ్చింది. ముఠాదారీ రద్దుకు 1969 దాకా ఆగాల్సి వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన 1/70 భూబదలాయింపు రెగ్యులేషన్ గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి బదిలీ కాకుండా గట్టిగా అడ్డుకట్ట వేసింది. దానికీ పెళ్లి దారిలోనే కన్నం పెట్టారు. ఏజెన్సీలో పలుచోట్ల గిరిజనేతరులు గిరిజన స్త్రీని పెళ్లాడో, ఊరికే చేరదీసో, ఆమె పేరిట భూమి రాయించుకున్నారు. ఒకప్పుడు ఆమె చేతుల కష్టానికి వెల కట్టారు, ఇప్పుడు ఆమె తెగ పేరుకు.

వారసత్వంలో మాత్రం ఆమెకు చట్టం అండ దొరకలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని అందులోనే రాసుంది. అందువల్ల తండ్రి భూమి ఎవరిదన్నది చాలావరకు ఆచారానికే వదిలేశారు, ఆచారం కొడుకుల వైపే ఉంటుంది. ఉపాధి హామీ పనిలో మగవాడి కూలీ ఆమె కూలీ ఒకటే. అయితే అది పని ఉన్న రోజుల సంగతి. భూమి విషయంలో 2006 అటవీ హక్కుల చట్టం కొత్త దారి తీసింది. పెళ్లైనవాళ్లకిచ్చే పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. ఆ హక్కు వారసులకు వెళుతుంది గానీ అమ్మడానికి వీల్లేదు. ఓలికి అప్పు తేవడానికి ఆ కాగితాన్ని షావుకారు దగ్గర కుదువ పెట్టడం కుదరదు.