భవిత గదిలో ఒక పూట

మండల కేంద్రంలో హైస్కూలు గేటు దాటండి. ఎడమచేతి వైపు మధ్యాహ్న భోజనం వండే షెడ్డు, దాన్ని ఆనుకుని ఏనుగు, చిలక, బాతు బొమ్మలేసిన గది. మెట్లుండాల్సిన చోట ర్యాంపు, పక్కన పట్టుకోడానికి ఇనప గొట్టం. తలుపు మీద ‘భవిత కేంద్రం’ అని రాసుంది. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే గదులివి. మీ మండలంలోనూ ఉండే ఉంటుంది, మీరు దాని ముందు నుంచే ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు.

చెప్పులు విడిచి లోపలికి రండి. గోడవారగా రెండు కడ్డీలు సమాంతరంగా బిగించి ఉన్నాయి, వాటి చివర నిలువుటద్దం. ఆటో దిగిన తల్లి ఆరేళ్ల పాపను చంకనేసుకుని వస్తోంది. సెరిబ్రల్ పాల్సీ. ఆఫీసు కాగితాల్లో ‘సీపీ కేసు’. నాకా మాట నచ్చదు. ఇక్కడి టీచరమ్మకూ నచ్చదనుకుంటా, ఆవిడ పాపను పేరు పెట్టే పిలుస్తారు.

“ఇవాళ ఫిజియో సార్ వస్తారా మేడమ్?”

“మంగళవారమేగా, వస్తారమ్మా.”

ఫిజియోథెరపిస్టు వారానికో రోజు వస్తాడు. పాప పిక్కలు బిగుసుకుపోయి మునివేళ్ల మీదే నిలబడుతోంది. ఆయన పాప మోకాలు చాపి, పాదాన్ని మెల్లగా పైకి వంచి పట్టుకుంటాడు. కాసేపటికి వదిలేసి, “ఇప్పుడు నువ్వు చెయ్యమ్మా” అంటాడు తల్లితో. ఆమె చేతి మీద తన చెయ్యి వేసి ఎంత బలంగా వంచాలో చూపిస్తాడు. మిగతా ఆరు రోజులూ ఫిజియో ఆమేగా! తర్వాత కడ్డీల మధ్య నడక. అద్దంలో తన కాళ్లు తనే చూసుకుంటూ పాప ఒక మడమ నేలకు ఆనిస్తుంది. తల్లి సంచిలోంచి సదరం (వైకల్య ధ్రువీకరణ) కాగితాలు తీసి ఏదో అడగబోయి, ఆ మడమ చూసి ఆగిపోతుంది.

ఇటు తిరగండి, గుండీ పాఠం జరుగుతోంది. ఎనిమిదేళ్ల పిల్లాడు, మేధో వైకల్యం ఉంది. టీచరు గుండీని కాజాలోకి సగం దూర్చి వదిలేస్తారు. ఆ సగాన్ని ఇవతలికి లాగడమే వాడి పని. లాగాడు! చొక్కా మూసుకుంది, చప్పట్లు. అది బాగా వచ్చాక దూర్చడం కూడా వాడికే వదిలేస్తారు. పనిని చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పే పద్ధతి ఇది. మొదటి నుంచి నేర్పితే రోజూ మధ్యలోనే చేతులెత్తేస్తాడు. ఇలాగైతే రోజూ పని ముగించేది వాడే. ఇంట్లో మనం తొందర కొద్దీ గుండీలన్నీ మనమే పెట్టేసి, ‘వీడికేం రాదు’ అంటాం.

పక్క ప్రాథమిక పాఠశాల నుంచి మూడో తరగతి పిల్లాడొచ్చాడు. రోజూ ఒక పీరియడు ఇక్కడ కూర్చుని మళ్లీ తన క్లాసుకు వెళ్లిపోతాడు. లెక్కలు నోటితో టకటకా చెప్తాడు. ‘పలక’ చదవమంటే ‘వలక’ అంటాడు. క్లాసులో వాడికి బద్ధకమని పేరు. టీచరమ్మ గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు ముందు పెట్టి కళ్లు మూసుకోమంటారు.

“వేలు పెట్టి చూడు నాన్నా. వకి ఎడమ కొస ముడి పడింది కదా? పకి పడిందా?”

“లేదు టీచర్, తెరిచే ఉంది.”

“మరి ఇదేంటి?”

“ప!”

అభ్యసన వైకల్యం అంటే ఇది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. బయటికి కనపడదు కాబట్టి దెబ్బలతో సరిపెడుతుంటారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. టీచరమ్మ స్కూటీ తీస్తున్నారు. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చెప్పాలి, అదీ ఆవిడ ఉద్యోగమే. ఇవాళ ఫిజియో ఉన్నాడు కాబట్టి గది తెరిచి ఉంది. మిగతా రోజుల్లో ఆవిడ ఊళ్లోకి వెళ్తే తాళమే.

బల్ల మీది రిజిస్టరు చూడండి, పేర్లు ఇరవై దాటాయి. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. ఈ గదిలో కుర్చీలున్నాయి, కడ్డీలున్నాయి, బొమ్మలున్నాయి. టీచరు మాత్రం ఒక్కరే, ఆవిడదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఈసారి మీ ఊరి స్కూలు కమిటీ సమావేశానికి వెళ్తే ఒక్క ప్రశ్న అడగండి: మన భవితకు రెండో టీచరు ఎప్పుడొస్తారు?