జేబు దొరికినామె

మా చిన్నది మొన్న బడి నుంచి వస్తూ వస్తూ ఒక పాట పట్టుకొచ్చింది. ఇక్కడ లండన్‌లో పసిపిల్లలు చేతులు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడుకునే పాట. లూసీ లాకెట్ అనే ఆవిడ జేబు పారేసుకుందట, కిట్టీ ఫిషర్ అనే ఆవిడకు అది దొరికిందట. తీరా చూస్తే అందులో పైసా లేదు, చుట్టూ రిబ్బను మాత్రం ఉంది. కథ అంతే.

"అమ్మా, జేబు ఎట్ల పోతుంది? గౌనుకు కుట్టేసి ఉంటుంది కదా?" అని అడిగింది.

పామిడి దాన్ని పట్టుకుని జేబు గురించి అడిగితే ఊరుకుంటానా? గుత్తి నుంచి అనంతపురం పోయే బస్సులో కూర్చున్నవాళ్లకు మా ఊరంటే పెన్న వంతెన, వరసగా బట్టల అంగళ్లు. నాకు మాత్రం కుట్టుమిషన్ల చప్పుడు. వానలు మొహం చాటేసి శెనక్కాయ చేలోనే మాడిపోయిన ఏడు కూడా ఆ చప్పుడు ఆగేది కాదు. మా ఇంట్లో నైటీలు కుట్టేవాళ్లు. కుడిపక్క జేబు వేసే పని నాది. జేబు లేని నైటీ ఎంత మంచి పూల గుడ్డైనా అంగట్లో అట్లే పడి ఉండేది. తాళంచెవి, చిల్లర, ఇప్పుడైతే సెల్లు ఎక్కడ పెట్టుకుంటారు మరి? ఆడదాని బట్టకు జేబు ఉండాలని పారిస్ దొరసానుల కన్నా ముందు కనిపెట్టింది పామిడి వాళ్లేనని నేను ఇక్కడ చాలామందితో వాదించాను. ఎవరూ నమ్మలేదు, అది వేరే సంగతి.

పిల్ల ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే తెలిసింది. 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ ఆడవాళ్ల గౌనుకు జేబు కుట్టేవాళ్లు కాదు. జేబు అంటే విడిగా ఒక సంచి. దానికి నాడా ఉంటుంది, నడుముకు కట్టుకుని పైన గౌను వేసుకుంటారు. గౌను పక్కన చీలికలోంచి చెయ్యి దూర్చి తీసుకుంటారు. ముడి వదులైతే ఎక్కడో జారిపోతుంది. చదవగానే నవ్వొచ్చింది. ఇది మా అవ్వ రొండిన దోపుకునే వక్కాకు తిత్తి కాదా! ఒక శివరాత్రికి ఆ తిత్తి పెన్న ఇసకలో ఎక్కడో జారిపోయింది. భోగేశ్వరుని గుడి దగ్గర్నుంచి వంతెన దాకా ఇంటిల్లిపాదీ ఇసక తవ్వాం. దొరికింది. లోపల నాలుగు వక్క ముక్కలు, సున్నపు డబ్బీ, పెట్టె తాళంచెవి. డబ్బు ఉందని ఎవరన్నారు, నేనేమన్నా అన్నానా అని అవ్వ ఎదురు తిరిగింది.

సరే, జేబు సంగతి తేలింది. మరి అది దొరికినామె ఎవరు? "ఉట్టి పాటే" అన్నారట టీచరు. ఉట్టి పాట కాదు. ఆ పేరు గల మనిషి నిజంగానే ఇదే ఊళ్లో బతికింది. పాటలోని పేరు ఆమెదేనంటారు.

కిట్టీ ఫిషర్ 1741 ప్రాంతంలో పుట్టింది. మొదట ఆడవాళ్ల టోపీలు, రిబ్బన్లు కుట్టే అంగట్లో పనిచేసింది. ఆ కూలి ఎంతుంటుందో సూది పట్టిన ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చూస్తుండగానే ఆ పిల్ల లండన్‌లోకెల్లా పేరు మోసిన వేశ్య అయింది. నౌకాదళం పెద్దలూ ప్రభువులూ ఆమె గుమ్మంలో నిలబడ్డారు. ఆ యేళ్లలో ఇంగ్లండుకు ఫ్రాన్సుతో పెద్ద యుద్ధం నడుస్తోంది. దాని తేదీలన్నీ బడి పుస్తకాల్లో ఉంటాయి, నేను వదిలేస్తున్నాను. మనవైపు గుర్తు కావాలంటే, అప్పట్లో మన గుత్తి కోట మురారిరావు ఘోర్పడే చేతిలో ఉంది.

1759 మార్చిలో కిట్టీ సెయింట్ జేమ్స్ పార్కులో గుర్రం మీంచి పడింది. పడటంలో గౌను పైకి లేచింది. జనం మూగారు. మొదట ఏడ్చిందట, ఆ వెంటనే పకపకా నవ్వి, పల్లకీ లాంటి కుర్చీ పిలిపించుకుని ఎక్కి వెళ్లిపోయిందట. వారం తిరక్కుండా ఊరంతా పాటలు, బొమ్మలు, కరపత్రాలు. ఆమె జీవితకథ అంటూ ఆమెకే తెలియని పుస్తకం అచ్చేశారు. గడియారం డబ్బీలోపల అంటించుకునే చిట్టి బొమ్మలు కూడా అమ్మారు. మన అంగళ్లలో సినిమా తారల కేలెండర్ల మాదిరి అనుకోండి, కాకపోతే ఇది జేబులోనే పడి ఉంటుంది. కిట్టీ ఒక పత్రికలో ప్రకటన వేయించింది: పత్రికలవాళ్లు నన్ను తిడుతున్నారు, బొమ్మల అంగళ్లవాళ్లు నన్ను బజారుకీడుస్తున్నారు, ఇప్పుడు దొంగ జీవితకథ కూడా రాస్తున్నారు అని. ఆమె గొంతు మనకు వినిపించేది దాదాపు అక్కడ ఒక్కచోటే.

మిగతాదంతా ఇతరులు చెప్పిందే. వెనిస్ నుంచి వచ్చిన కాసనోవా ఆమెను చూశానని రాశాడు. వెయ్యి గినీల నోటును రొట్టె ముక్క మీద పెట్టుకుని తినేసిందట. ఇంకొకరు వంద పౌండ్లంటారు, మరొకరు ఇంకా తగ్గిస్తారు. నోటు ఎంతదైనా, టోపీ అంగట్లో అణా పైసలకు కుట్టిన చెయ్యి అది. తిన్నది ఆకలికి కాదని తెలుస్తూనే ఉంది. ఇంకో కథ కవెంట్రీ ప్రభువు భార్య మరియాది. ఒకరోజు పార్కులో కనబడి, గౌను బాగుంది, ఎవరు కుట్టారని కిట్టీని అడిగిందట. ఆ సంగతి మీ ఆయన్నే అడగండి, కానుకిచ్చింది ఆయనే అందట కిట్టీ. మా కుట్టు మిషన్ల దగ్గర ఈ కథ చెప్తే ఆ పూట ఒక్క నైటీ కూడా తెమలదు.

ఆ రోజుల్లో ఈ దేశంలో పెళ్లయిన ఆడదాని సంపాదన చట్టప్రకారం మొగునిదే. తాళి లేని కిట్టీ సంపాదించింది మాత్రం ఆమెదే. ఆ మరియా గారి పేరున ఏముందో తెలియదు గానీ, ఆమె మొహానికి పూసుకున్న సీసపు తెలుపు ఆమెను 27 ఏళ్లకే తినేసింది.

శనివారం పిల్లను తీసుకుని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి పోయాను. అక్కడ 1765లో నథానియెల్ హోన్ వేసిన కిట్టీ బొమ్మ ఉంది. ఆమె పక్కన గాజు కుండ, అందులో బంగారు చేపలు, కుండ అంచు మీద పంజా వేసిన పిల్లికూన. కిట్టీ అంటే పిల్లికూన, ఫిషర్ అంటే చేపలు పట్టేది. దొరలకు ఇట్లాంటి చమత్కారాలు ఇష్టం. నేను ఆమె చీర, అదే, గౌను కుట్టు చూస్తున్నాను. పిల్ల కుండ దగ్గరికి మొహం పెట్టి, "అమ్మా, ఇందులో మనుషులున్నారు" అంది. నిజమే. గాజు మీద కిటికీ నీడ పడింది, ఆ కిటికీలోంచి జనం తొంగిచూస్తున్నారు. ఇంట్లో కూర్చున్నా ఆమెను వదల్లేదు. మనం కూడా ఆ కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లమేనని అప్పుడు కాస్త సిగ్గేసింది.

ఈ ఊళ్లోనే కెన్‌వుడ్ హౌస్‌లో రేనాల్డ్స్ వేసిన బొమ్మ ఇంకొకటి ఉంది. అందులో కిట్టీ క్లియోపాత్రా వేషంలో ముత్యాన్ని గిన్నెలో వేస్తూ ఉంటుంది. ఇన్ని బొమ్మలు! ఇంత పేరు! వీధిన నవ్విన దేశమే గోడ మీద పెట్టి దీపం వెలిగించింది. నేను మురిసిపోయాను. మన దగ్గర ఇట్లాంటి మనిషికి ఈ మర్యాద దక్కిందా అని కాస్త కోపం కూడా వచ్చింది.

ఆ కోపంతోనే ముద్దుపళని గుర్తొచ్చింది. తంజావూరులో ప్రతాపసింహుని కొలువులో ఉన్న గణిక, కిట్టీ ఈడుది. మన తెలుగులో 584 పద్యాల 'రాధికా సాంత్వనము' రాసింది. చేతులతో పెంచిన ఇళకు కృష్ణునితో పెళ్లి చేసి, తర్వాత ఓర్చుకోలేక అలిగిన రాధ కథ. పీఠికలో తన అవ్వ తంజనాయకి పేరు గర్వంగా చెప్పుకుంది. పండితులను సత్కరించిన గణిక నాలాంటిది ఎవరు, కావ్యాలు అంకితం పుచ్చుకున్నది ఎవరు అని అడిగింది. కిట్టీ నోటు తినడం కన్నా ఇది ఎక్కువ దర్పం అని నాకనిపిస్తుంది.

తర్వాత జరిగింది వినండి. 1887లో పైడిపాటి వెంకటనరసు ఆ పుస్తకం అచ్చువేశారు, పీఠికా కొన్ని పద్యాలూ తీసేసి. వీరేశలింగం పంతులుగారు, ఆడవాళ్లు వినరాని మాటలున్నాయని తప్పుపట్టారు. తానూ దేవదాసీ కులంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి వెతికి తెచ్చి 1910లో వావిళ్ల వారితో అచ్చువేయించింది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు లేదా అని అడిగింది. అప్పుడు తెల్లదొరల ప్రభుత్వం అది బూతు పుస్తకమని ప్రతులు పట్టుకుపోయి నిషేధం పెట్టింది. 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ అది తొలగలేదు.

అంటే, తమ వేశ్య బొమ్మను గోడకు తగిలించుకున్నవాళ్లే మన గణిక పద్యాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారన్నమాట. మొదట దొరల మీద మండింది. ఆ తర్వాత వెంకటనరసు, పంతులుగారు గుర్తొచ్చారు. తాళం దొరలదే, చెవి అందించింది మనవాళ్లు.

ఇంకొంచెం ఆలోచిస్తే నా మురిపెం కూడా తగ్గింది. దొరలు దాచుకున్నది కిట్టీ మొహాన్ని. ఆమె నోటి మాట ఒక్క పత్రికా ప్రకటనలో తప్ప లేదు. ముద్దుపళని మొహం ఎట్లుంటుందో మనకు తెలియదు, మాట మాత్రం 584 పద్యాలుగా ఉంది. మొహం ఎవరైనా చూస్తారు, అది పలకదు. పలికేదాన్నే మనం దాచాం.

ఆ గ్యాలరీ నుంచి అరగంట నడిస్తే బ్రిటిష్ లైబ్రరీ. అక్కడ మన హైదరాబాదు గణిక మహ్ లఖా బాయి చందా ఉర్దూ గజళ్ల ప్రతి ఉంది. నిజాం అలీఖాన్‌తో మగవేషంలో యుద్ధాలకు పోయిన మనిషి, జాగీర్లు ఏలిన మనిషి. 1799లో జాన్ మాల్కమ్ అనే కంపెనీ అధికారికి తన పుస్తకం కానుకిచ్చింది. 1824లో పోయింది. సమాధి మౌలాలీ కొండ దగ్గర, తల్లి పక్కనే ఉంది. ఒక గోడ మీద మాట లేని మొహం, అరగంట దూరంలో మొహం చూపని పుస్తకం. రెండిటి మధ్య నా పిల్ల ఐస్‌క్రీమ్ తింటూ నడిచింది.

కిట్టీ చివరికి 1766లో జాన్ నోరిస్ అనే పార్లమెంటు సభ్యుణ్ణి పెళ్లాడి కెంట్ సీమలో బెనెండెన్ పల్లెకు పోయింది. అక్కడి బీదవాళ్లకు చేతికి ఎముక లేకుండా ఇచ్చేదంటారు. నాలుగైదు నెలలకే, 1767 మార్చిలో, బాత్ పట్నంలో చనిపోయింది. పాతికేళ్ల వయసు. ఆమెకున్న వాటిల్లో మంచి గౌను తొడిగి బెనెండెన్‌లో పూడ్చారని చెప్పుకుంటారు. కొత్త చీర కట్టి సాగనంపే ముత్తైదువ చావు, మనకు అర్థమవుతుంది. నోరిస్ ఎస్టేటులో ఇప్పుడు గొప్పింటి ఆడపిల్లల బడి నడుస్తోంది.

ముత్తైదువ అనగానే ఇంకోటి. దేవునికి ముడిపడిన ఆడవాళ్లను నిత్యసుమంగళి అని, వాళ్ల చేత తాళిబొట్టుకు పూసలు గుచ్చించుకునేవాళ్లని అవ్వ చెప్పేది. పెళ్లి పొద్దున ఎదురొస్తే శుభం, పెళ్లి మరుసటి రోజు గడప తొక్కితే అరిష్టం. "ఆ మాట అనగూడదు, కండ్లు పోతాయి" అని 'భోగం' అన్నందుకు నా చెంప వాయించింది కూడా అవ్వే. మా ఊరి దేవుడు భోగేశ్వరుడు. అదే మాట దేవుని పేరులో ఉంటే కొబ్బరికాయ కొడతాం, ఆడదానికి తగిలిస్తే తిట్టు అవుతుంది. పెన్న ఒడ్డున ఆ గుడి మెట్ల మీద సాయంత్రం కూర్చుని ఈ మాట అవ్వను అడగాలని ఉంది. అడగడానికి అవ్వ లేదు, పెన్నలో నీళ్లూ లేవు. ఇక్కడ థేమ్స్‌లో మాత్రం ఏ కాలంలో చూసినా నీళ్లుంటాయి, అయినా కంటికి ఆనదు.

ట్యూబు రైల్లో ఇంటికి వస్తుంటే పిల్ల మళ్లీ అడిగింది. "అమ్మా, కిట్టీ ఫిషర్ ఏం పని చేసేది?"

ఎదురుగా ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్లకు తెలుగు రాదు. అయినా గొంతు తగ్గించాను.

"టోపీలు కుట్టేది" అన్నాను.

అబద్ధం కాదు. పైడిపాటి వారు అచ్చువేసిన పద్యాలు కూడా అబద్ధం కావు మరి.