బడికి రెండవ వాకిలి

ఒకసారి బడి తప్పినవారికి మరల బడి లేదనుట మన దేశమున చాలకాలము శాసనమువలె చెల్లినది. నాలుగవ తరగతిలోనో అయిదవ తరగతిలోనో పలక క్రింద పెట్టి, పెండ్లి వలననో పేదరికము వలననో దానిని మరల చేతబట్టలేకపోయిన పిల్ల పదునెనిమిదేండ్లు వచ్చిన పిమ్మట చదువుకొందునని వచ్చినచో, పదేండ్ల పసివాండ్ర నడుమ ఆమెను కూర్చుండబెట్టుటకు హెడ్మాస్టరునకు మనసొప్పదు, కూర్చుండుటకు ఆమెకు మొగము చెల్లదు. అట్టివారికి మెట్రిక్యులేషను దాక వేరొక బాట వేసిన తెలుగువారిలో ముందుగా స్మరింపదగినది దుర్గాబాయి. ఆ బాట అవసరమేమో ఆమె తన అనుభవము వలననే ఎరిగినది.

ఆమె 1909లో రాజమహేంద్రవరమున జన్మించినది. ఎనిమిదవ యేటనే పెండ్లి. ఊహ వచ్చిన తరువాత ఆ బంధమును తానే వదలుకొన్నది. పండ్రెండేండ్ల ప్రాయమున, ఇంగ్లీషులో బోధించుటకు నిరసనగా బడి మాని, తోడి బాలికలకు హిందీ నేర్ప మొదలిడినది. 1923 కాకినాడ కాంగ్రెసునాడు టికెట్టు లేదని జవహర్లాలు నెహ్రూనే ప్రదర్శనశాల వాకిట నిలిపివేసిన వాలంటీరు పిల్ల ఈమెయే. (ఈ ముచ్చటను మనము నవ్వుటకే చెప్పుకొందుము గాని, నియమము విషయమున ఆమెకుగల ఆ మొండిపట్టును ముందు ముందు పరీక్షల విషయముననుగూడ చూడనున్నాము.) ఉప్పు సత్యాగ్రహకాలమున కారాగారమునకేగి, అచ్చట తమ నేరమేమో, తమకు పడిన శిక్షయేమో సరిగా తెలియని నిరక్షరాస్యలగు స్త్రీలను చూచి, న్యాయశాస్త్రము చదివి తీరవలెనని నిశ్చయించుకొన్నది. కాని లా చదువుటకు డిగ్రీ కావలెను, డిగ్రీకి మెట్రిక్ కావలెను. ఆమెకు అదియును లేదు. ఇంగ్లీషు వలదని బడి విడిచిన ఆమెయే ఇరువదియైదేండ్లకు చేరువలో ఇంగ్లీషు పాఠములకు కూర్చుండవలసి వచ్చెను.

ఆనాడు బెనారసు హిందూ విశ్వవిద్యాలయమువారు స్త్రీలను ప్రైవేటుగా మెట్రిక్ కట్టనిచ్చుచుండిరి. ఏ బడిలో చదివితివని ఎవరును అడుగరు. పరీక్షలో నెగ్గిన చాలును. ఆ వాకిటనే ప్రవేశించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆనర్సు ముగించి, 1942లో మదరాసున న్యాయపట్టము నందినది. అయితే తాను గట్టెక్కిన పిమ్మట పడవను త్రోసివేయలేదు. 1937లో మదరాసున నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభలో, చదువు నడుమ ఆగిపోయిన స్త్రీలను చేర్చుకొని, అదే బెనారసు పరీక్షకు తయారుచేయించినది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు ప్రథమాధ్యక్షురాలైనప్పుడు, పల్లెలలో గ్రామసేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులు కావలసి, ఆ శిక్షణలకు వలసిన కనీసార్హత గల స్త్రీలే దొరకని చిక్కు ఎదురయ్యెను. దానికి 1958లో దొరికిన సమాధానమే కండెన్స్డు కోర్సు: ఏండ్ల తరబడి సాగెడి చదువును రెండేండ్లలో ముగించి పరీక్షకు పంపుట. కుదించినది కాలమును మాత్రమే, పరీక్షను కాదు. బడిపిల్లలు వ్రాసెడి పరీక్షనే వీరును వ్రాయవలెను. జాలిపడి మార్కులు వేయు పద్ధతి ఏదైన పెట్టియున్నచో ఆ సర్టిఫికెట్టును ఏ ఆసుపత్రియు, ఏ బడియు లెక్కచేసియుండదు. ఈ పథకమున నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది ఇదియే.

ఆడవారికై తెరచిన ఆ రెండవ వాకిలి అందరికిని తెరచుకొనుటకు మరి ముప్పదియేండ్లు పట్టెను. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠము 1991లో ఏర్పడినది. నేడు తెలంగాణమునకును వేరుగా ఒకటి కలదు. పదునాలుగేండ్లు నిండినవారు అందులో చేరి పదవ తరగతి కట్టవచ్చును. మీ వీథిలో బడి మానిన పిల్లవాడో పిల్లయో ఉన్నచో, ఈ మాట వారి చెవిని వేయుడు.