తెర మీద గ్రాఫు: కొలతలు ఎవరు వేయాలి?

1977లో ఆపిల్-2, కొమోడోర్ పెట్, టీఆర్ఎస్-80 మూడూ బజారులోకి వచ్చాయి. లెక్కలు మూడూ చేసేవి. ఫలితాన్ని గీతగా చూపించాల్సి వచ్చినప్పుడు మాత్రం తేడా బయటపడేది. పెట్‌లో చుక్క విడిగా పెట్టే వీలే లేదు. కీబోర్డు మీది గీతల గుర్తులను పేర్చుకోవాలి. టీఆర్ఎస్-80 తెరకు అడ్డంగా 128, నిలువుగా 48 గడులు. అందులో సైన్ వక్రరేఖ మెట్లు మెట్లుగా కనిపించేది. ఈ మూడింటిలో 280 × 192 చుక్కలు ఇచ్చింది ఆపిల్ ఒక్కటే.

ఆపిల్‌సాఫ్ట్ బేసిక్‌లో హెచ్‌ప్లాట్ ఆదేశానికి ఎక్స్, వై అంకెలు ఇస్తే అక్కడ చుక్క పడుతుంది. అసలు కష్టం ఆ అంకెలు తయారు చేయడంలో ఉంది. సైన్ విలువ -1 నుంచి 1 దాకా తిరుగుతుంది. దాన్ని అలాగే ఇస్తే, రుణ సంఖ్య రాగానే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అందుకని 70తో గుణించి, 80లోంచి తీసేయాలి. కలపకుండా తీసేయడం ఎందుకంటే, ఆ తెరకు సున్నా పై ఎడమ మూలన ఉంటుంది. వై పెరిగేకొద్దీ చుక్క కిందికి దిగుతుంది. కలిపితే శిఖరం లోయవుతుంది. టాన్‌తో ఇంకో చిక్కు. 90 డిగ్రీల దగ్గర విలువ అమాంతం పెరిగి, అవతల రుణంలోకి దూకుతుంది. చుక్కలను గీతతో కలిపే ప్రోగ్రామ్ అక్కడ లేని నిటారు గీతను గీసేస్తుంది. ప్రయోగశాల రీడింగులైతే కనిష్ఠ, గరిష్ఠ విలువలు ముందే వెతికి పెట్టుకోవాలి.

1981 నాటి బీబీసీ మైక్రో ఈ బాధ కొంత తగ్గించింది. సున్నాను గ్రాఫు కాగితంలో లాగే కింది ఎడమ మూలన పెట్టి, ఏ గ్రాఫిక్స్ మోడ్‌లోనైనా 1280 × 1024 కొలతలే వాడనిచ్చింది. మన దేశంలో క్లాస్ పథకం కింద 1980లలో బడులకు చేరిన కంప్యూటరు ఇదే. అదే 1981లో వచ్చిన ఐబీఎం పీసీ రంగుల కార్డులో 640 × 200 చుక్కలుండేవి. అడ్డం, నిలువు లెక్క సరిచేయకపోతే వృత్తం నిలబెట్టిన కోడిగుడ్డయ్యేది. ఐబీఎం ఒంటిరంగు కార్డుకు అక్షరాలు తప్ప బొమ్మలు రావు. ఆ లోటును 1982లో హెర్క్యులిస్ కార్డు 720 × 348 చుక్కలతో తీర్చింది.

చుక్కలు పెరగడం కన్నా కొలతల పని యంత్రం చేతికి పోవడమే పెద్ద మలుపని నా నమ్మకం. మిచ్ కేపర్ రాసిన విజిప్లాట్ 1981లో ఆ దారి పట్టింది. 1983 జనవరిలో ఆయన సంస్థ తెచ్చిన లోటస్ 1-2-3లో పట్టికలో ఒక అంకె మార్చి ఎఫ్10 నొక్కితే చాలు, గ్రాఫు కొత్తగా వచ్చేది. కాగితం మీదికి ఎక్కించడానికి మాత్రం ప్రింట్‌గ్రాఫ్ అనే వేరే ప్రోగ్రామ్ నడపాలి.

లోటస్ జమాఖర్చుల లెక్కలు రాసేవాళ్లకు పనికొచ్చింది. ప్రమేయాలతో పనిపడ్డవాళ్లకు కావాల్సింది 1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ మొదలుపెట్టిన నూప్లాట్‌లో దొరికింది. అవకలన సమీకరణాలు, విద్యుదయస్కాంత పాఠాలు కళ్లకు కనిపించాలని వాళ్లు దాన్ని రాసుకున్నారు. తర్వాత అది డాస్ పీసీల మీదికీ వచ్చింది. ప్లాట్ అని ప్రమేయం పేరు కొడితే, ఎక్స్‌కు -10 నుంచి 10 తీసుకుని వై హద్దులు తానే లెక్కకడుతుంది. టాన్ గీయాలంటే మాత్రం ఇప్పటికీ వై హద్దు మనమే చెప్పాలి.