అంచె

మన వ్రాతలకు ‘టపా’ అని పేరు పెట్టుకొన్నాము గాని, ఆ మాటకు ఒకప్పుడు కాళ్ళుండేవి. రైలు రాకమునుపు టపా సంచి మోసినవాడు హర్కారా. గజ్జెల ఈటె పట్టి, తన అంచె మేరకే పరుగెత్తి, సంచిని తరువాతివానికి అప్పగించేవాడు.

పల్లకీ బోయీలదీ ఆ విద్యయే. 1830 మే 18న చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కృష్ణ దాటి, పెంట్లవెల్లి (నేటి నాగర్‌కర్నూలు జిల్లా), వనపర్తి మీదుగా హైదరాబాదు చేరినారు. మజిలీల దూరములు, దారి మంచిచెడ్డలు, దినుసులు దొరకు చోట్లు శ్రద్ధగా వ్రాసినారు. ఆ యాత్రకు చెమటోడ్చినది మాత్రము బోయీలు! ఎండ ముదరకముందే మజిలీ చేరుట, పొట్టి అడుగు, పదముతో ఊపిరి కలుపుట, అలసటకు ముందే భుజము మార్చుట వారి నేర్పు. వయసు మళ్ళిన పరుగరులకు నేటి శిక్షకులు చెప్పునదీ దాదాపు ఇదే.

2011లో ఫౌజా సింగు నూరేళ్ళ వయసున టొరాంటో మారథాను 8 గంటల 11 నిమిషములలో ముగించినారు. జన్మపత్రము లేదని గిన్నిసువారు ఆ రికార్డును ఒప్పుకొనలేదు. వనపర్తి దారి బోయీలను వయసడిగినవారే లేరు.