మూడేళ్ళ నేస్తాలు - పెంపుడు ఎలుకల చరిత్ర

ఇంగ్లీషువాడు తెలుగువాడి దగ్గర అప్పు తీసుకున్న మాటలు బహు తక్కువ. వాటిలో ఒకటి "బాండికూట్". అది మన పందికొక్కే! మనవాళ్ళు పెట్టిన పేరుకి దొరల నోరు తిరక్క బాండికూట్ చేసుకున్నారు. అక్కడితో ఆగకుండా ఆస్ట్రేలియాలో ఎలుక జాతికి ఏ సంబంధమూ లేని ఓ సంచి జంతువుకి కూడా అదే పేరు తగిలించారు. అంతర్జాతీయ భాషకి మనం చదివించిన కట్నం ఓ ఎలుక పేరన్నమాట :)

ఎలుకతో మనకున్న చుట్టరికం చాలా వింతది. వినాయక చవితి నాడు దానికీ ఓ దణ్ణం పెడతాం, మర్నాడు అదే చేత్తో అటక మీద మందు పెడతాం. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) చదువుకున్నవాళ్ళకి మిత్రలాభంలో హిరణ్యకుడు గుర్తుండే ఉంటాడు. పావురాల వల కొరికి స్నేహితుడి ప్రాణం కాపాడిన ఎలుక. పుస్తకంలో అంత గొప్ప స్నేహితుడు, పొలంలోకి వచ్చేసరికి మాత్రం శత్రువు. మా నర్సీపట్నం వైపు వరి, చెరకు వేసేవాళ్ళని అడగండి, ఎలుకంటే ఏంటో చెబుతారు. కలుగుల్లో పొగ పెట్టడం, బుట్టలు పెట్టడం, మందు కలిపిన నూకలు చల్లడం, ఇదంతా సాగుబడిలో ఓ భాగం. పొలం ఎలుకల్ని పట్టడంలో యానాదులకి తరతరాల నేర్పు ఉంది. దానికి తోడు 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ఎలుకల మీది ఈగుల వల్లే ప్లేగు పాకుతోందని కనిపెట్టాక, ఎలుకంటే అసహ్యం పోయి భయం వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో కూడా ఎలుకల్ని ఐదో షెడ్యూల్లో, అంటే "హాని చేసే జంతువుల" లిస్టులో పడేశారు. 2022 సవరణలో ఆ షెడ్యూలే తీసేశారనుకోండి, అది వేరే సంగతి.

ఇలాంటి జంతువుని ముద్దుగా పెంచుకోవడం, అది పోతే కూర్చుని ఏడవడం అనేవి ఎప్పుడు మొదలయ్యాయి? ఈ టపా దాని గురించే.

ముందు ఓ చిన్న క్లారిఫికేషన్. మన అటక మీద ఉరికే ఇంటి ఎలుక, పొలంలో పందికొక్కు, జనాలు పెంచుకునే ఎలుక, ఈ మూడూ మూడు వేరు వేరు జాతులు. పెంపుడు ఎలుక "గోధుమ ఎలుక" సంతతి. దీన్ని నార్వే ఎలుక అని కూడా అంటారు. 1769లో జాన్ బెర్కెన్‌హౌట్ అనే ఆయన అది నార్వే ఓడల్లో వచ్చిందనే నమ్మకంతో ఆ పేరు పెట్టాడు. నిజానికి దాని పుట్టిల్లు ఉత్తర చైనా, మంగోలియాల వైపు. ఒకసారి ప్రొడక్షన్‌లోకి వెళ్ళిన తప్పుడు పేరు ఇక మారదని మనకి తెలియందేముంది!

దాన్ని పెంచుకోవడం గురించి చెప్పే పాత పుస్తకాల్లో ఒకటి జపాన్‌లో దొరుకుతుంది. 1775లో ఒసాకాలో అచ్చయిన "యోసో తమ నో కకేహషి". రకరకాల రంగుల ఎలుకల్ని ఎలా పెంచాలో, ఎలా జత కట్టించాలో అందులో ఉంది. అంటే ఐరోపాలో ఎవరికీ ఆ ఊహ రాకముందే ఒసాకా వ్యాపారుల ఇళ్ళల్లో ఎలుకలు ముద్దుగా పెరిగాయి.

ఐరోపాలో కథ నెత్తురుతో మొదలైంది. 19వ శతాబ్దపు లండన్‌లో గోతిలో వందల ఎలుకల్ని వదిలి, కుక్కని దింపి, అది ఎంత సేపట్లో ఎన్నిటిని చంపుతుందో పందేలు కాసేవాళ్ళు. ఆ ఆటకి ఎలుకల్ని పట్టి ఇచ్చేవాళ్ళలో జాక్ బ్లాక్ ఒకడు. విక్టోరియా రాణి గారి ఎలుకలు పట్టేవాణ్ణని చెప్పుకునేవాడు. హెన్రీ మేహ్యూ లండన్ పేదల మీద రాసిన పెద్ద పుస్తకంలో ఇతని కథ ఉంది. వలలో వింత రంగు ఎలుక పడితే చంపకుండా పక్కన పెట్టి, వాటిని జత కట్టించి, పిల్లల్ని పెంపకానికి అమ్మేవాడు. వేల ఎలుకల్ని చంపిన చేతులే పెంపుడు ఎలుకకి పురుడు పోశాయి. చరిత్రకి ఇలాంటివి భలే ఇష్టం.

తర్వాత మేరీ డగ్లస్ అనే ఆవిడ వచ్చింది. ఇంగ్లండ్‌లో అప్పటికే చిట్టెలుకల పెంపకందారులకి ఓ క్లబ్బు ఉంది. ఎలుకల్ని కూడా రానివ్వండని ఆవిడ వాళ్ళని ఒప్పించి, 1901లో ఐల్స్‌బరీ ప్రదర్శనకి తన ఎలుకని తీసుకెళ్ళి మొదటి బహుమతి కొట్టేసింది. 1912లో క్లబ్బు పేరులోనే ఎలుక చేరింది. 1921లో ఆవిడ చనిపోయాక ఆ ఉత్సాహం చల్లారింది. మళ్ళీ 1976లో గానీ ఇంగ్లండ్‌లో ఎలుకలకంటూ సొంత సంఘం రాలేదు. పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1908లో ఎలుక దొంగతనాల మీద రాసిన పుస్తకాన్ని చనిపోయిన తన తెల్ల ఎలుక శామీకి అంకితమిచ్చింది. ఎలుక కోసం ఓ మనిషి బాధపడ్డట్టు అచ్చులో కనపడే సాక్ష్యాల్లో అదొకటి.

ఇక్కడే కథ రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ ఇళ్ళల్లోకి, రెండోది ల్యాబుల్లోకి. 1906లో హెన్రీ డొనాల్డ్‌సన్ అనే శాస్త్రవేత్త షికాగో నుంచి ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌కి మారుతూ తెల్ల ఎలుకల్ని వెంట తీసుకెళ్ళాడు. మూడేళ్ళ తర్వాత అక్కడే హెలెన్ డీన్ కింగ్ అనే ఆవిడ ఒకే వంశాన్ని తరాల తరబడి పెంచడం మొదలుపెట్టింది. ఇవాళ ప్రపంచంలోని ల్యాబు ఎలుకల్లో చాలా వాటి మూలాలు ఈ విస్టార్ దగ్గర తేలతాయి. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు వందకి పైగా తెల్ల ఎలుకల వంశాల డీఎన్ఏ చూస్తే, అన్నిట్లోనూ తెలుపుకి కారణం ఒకే ఒక్క జన్యు మార్పు. అంటే ఎక్కడో ఎవరో చంపకుండా వదిలేసిన ఒక్క తెల్ల ఎలుక ఇంత సంతానానికి మూలం. సోర్స్ కోడ్ ఒకటే, మిగతావన్నీ ఫోర్కులే.

ఎలుకనే ఎందుకు ఎంచుకున్నారు? డొనాల్డ్‌సన్ 1915లో వేసిన పుస్తకంలో జవాబుంది. మూడేళ్ళ ఎలుక తొంభై ఏళ్ళ మనిషితో సమానం అన్నాడాయన. దాని జీవితం మనకంటే ముప్ఫై రెట్లు వేగం. ఒక మనిషి తన ఉద్యోగ కాలంలో ఎన్నో తరాల పుట్టుక నుంచి చావు దాకా చూడొచ్చు. పరిశోధకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ కథలో మన తెలుగు కొమ్మ కూడా ఒకటుంది. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధన మొదలెట్టాడు. దేశంలో వేరు వేరు ప్రాంతాల జనం తినే తిండి ఎలుకలకి పెట్టి చూడటం ఆయన చేసిన గొప్ప పని. రొట్టెలు, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు తిన్న "సిక్కు ఎలుకలు" నిగనిగలాడాయి. పాలిష్ పట్టిన బియ్యం తిన్న "మద్రాసీ ఎలుకలు" అందరికన్నా వెనకబడ్డాయి. అప్పట్లో మా నర్సీపట్నం కూడా మద్రాసు ప్రెసిడెన్సీయే కాబట్టి ఆ ఓడిపోయిన ఎలుకలు ఒకరకంగా మా ప్రతినిధులు. మంచి తిండి, గాలి, వెలుతురు, శుభ్రత ఉంటే రెండేళ్ళకి పైగా తన కాలనీలోని పెద్ద ఎలుకల్లో సహజ మరణమే లేదని ఆయన 1936లో లండన్ ఉపన్యాసాల్లో చెప్పాడు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకి మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అవును, మన తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్. అక్కడి తెల్ల ఎలుకలది కూనూరు రోజుల నాటి వంశం. 1996లో ఆ వంశంలోనే దానంతటదే విపరీతంగా లావెక్కే ఎలుక పుట్టింది. ఊబకాయం మీద పరిశోధనకి అది బాగా పనికొచ్చింది. పాపం, దాని ఆయుష్షు మాత్రం మామూలు ఎలుకల కంటే కూడా తక్కువ.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. నూట యాభై ఏళ్ళుగా మనుషులు ఎలుకలో ఏమేం ఎంచుకుంటూ వచ్చారు? ల్యాబువాళ్ళకి కరవకూడదు, తొందరగా ఎదగాలి, ఎక్కువ పిల్లల్ని పెట్టాలి. పెంచుకునేవాళ్ళకి మంచి రంగు, మచ్చిక. ఇద్దరి రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్లలోనూ మచ్చిక ఉంది. దీర్ఘాయుష్షు కోసం పట్టుబట్టినవాళ్ళు తక్కువ. ల్యాబుకి పొట్టి ఆయుష్షు ఒక ఫీచర్, పెంచుకునేవాడికి అదే బగ్. బయట తిరిగే ఎలుక ఏడాది బతికితే గొప్ప కాబట్టి, మన ఇంట్లో అది రెండు మూడేళ్ళు బతకడం ఒకరకంగా బోనసే. కానీ మనసు ఆ లెక్క ఒప్పుకోదు.

ఎందుకంటే ఆ మచ్చిక మామూలు మచ్చిక కాదు. 1990ల చివర్లో యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ఎలుకలకి చక్కిలిగింతలు పెడితే మన చెవికి అందని సన్నటి గొంతుతో కిచకిచలాడతాయని, మళ్ళీ పెట్టమని చెయ్యి వెంట పడతాయని చూపించాడు. 2011లో షికాగో పరిశోధనలో, గొట్టంలో ఇరుక్కున్న తోటి ఎలుకని ఎవరూ నేర్పకుండానే తలుపు తీసి విడిపించాయి. పక్కన చాక్లెట్ ముక్కలున్నా ఎక్కువసార్లు ఇద్దరూ పంచుకుని తిన్నాయి. చిన్నయసూరి హిరణ్యకుడు అబద్ధం కాదన్నమాట. 2019లో బెర్లిన్‌లో మనుషులతో దాగుడుమూతలు కూడా ఆడాయి.

నా సంగతీ కొంచెం చెప్పాలి. హైదరాబాదులో మా ఫ్లాట్లో రెండు ఆడ ఎలుకలుండేవి. తెల్లదాని పేరు పెర్ల్ (ముత్యమనుకోండి, ప్రోగ్రామింగ్ భాష అనుకోండి), తలా మెడా గోధుమ రంగులో ఉన్నదాని పేరు జావా. ఊళ్ళో అమ్మకి ఫోన్లో చెబితే, "ఎలకల్ని పెంచుతున్నావేట్రా? బుర్ర గానీ పాడైందేటి?" అంది. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "అవి తిన్నాయేట్రా?" అని అడగడం కూడా ఆవిడే.

డొనాల్డ్‌సన్ లెక్క కరెక్టుగా సమరేఖ కాదు, చిన్నతనంలో ఎలుక ఇంకా వేగంగా ఎదుగుతుంది. అయినా ఒకసారి ఆ లెక్క తలకెక్కితే వదలదు. పొద్దున్న ఆఫీసుకెళ్ళి రాత్రి పన్నెండు గంటల తర్వాత ఇంటికొస్తే వాటి లెక్కలో నేను పదిహేను రోజులు ఊళ్ళో లేనట్టు. మూడు వారాల ఆన్‌సైట్ అంటే పావు తక్కువ రెండేళ్ళు. మన ఊళ్ళల్లో కొడుకు అమెరికా నుంచి ఎప్పుడొస్తాడో అని చూసే అమ్మానాన్నలకీ ఇలాంటి లెక్కే ఏదో ఉంటుందేమో అనిపించేది.

ఏడాదిన్నర దాటిన ఆడ ఎలుకలకి రొమ్ము గడ్డలు రావడం చాలా మామూలు. చాలావరకు అవి క్యాన్సర్ గడ్డలు కావు గానీ, పెరుగుతూ పోతే ఎలుక సైజెంత, గడ్డ సైజెంత! ఊపిరితిత్తుల జబ్బు రెండో శత్రువు. పెర్ల్‌కి గడ్డే వచ్చింది. ఒక క్లినిక్‌లో "ఎలుకకా?" అని నవ్వారు. ఇంకోచోట ఓ డాక్టరు గారు ఓపిగ్గా చూసి, ఈ వయసులో మత్తు తట్టుకోదు, నొప్పి లేకుండా చూసుకోండి అని మందిచ్చారు. రెండేళ్ళ రెండు నెలలకి పోయింది. ఆఫీసులో కుక్క పోయిందంటే "అయ్యో" అంటారు, ఎలుక పోయిందంటే "మందు పెట్టావా?" అంటారు. తప్పు వాళ్ళది కాదు. మన భాషలో ఎలుక చావుకి ఉన్న మాటలన్నీ చంపడానికి సంబంధించినవే, పోగొట్టుకోవడానికి సంబంధించినవి లేవు.

ఎలుకల్ని పెంచేవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఇవి గుంపు జీవులు, ఒంటరిగా పెంచకూడదు. కాబట్టి రెండు తెస్తాం. ఒకటి ముందు పోతుంది. మిగిలినదానికి తోడుగా ఇంకోటి తెస్తే, ఈ పాతది పోయాక ఆ కొత్తది ఒంటరిదవుతుంది. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్! ప్రపంచమంతా ఎలుకలు పెంచేవాళ్ళు ఈ లూప్‌లోనే తిరుగుతుంటారు. నేను కొత్తది తేలేదు. జావా పంజరాన్ని నా కంప్యూటర్ బల్ల మీదకి మార్చి, సాయంత్రాలు దాన్ని చొక్కా జేబులో వేసుకుని పనిచేసుకున్నాను. మూడు నెలలు అలా గడిచాయి.

ఇంత తక్కువ కాలం ఉండేదాని మీద ప్రేమ పెంచుకోవడం తెలివైన పనేనా అని అడుగుతారు. చరిత్ర చూస్తే నాకు తోచింది ఒకటే. ఎలుక మనల్ని నమ్మడం ప్రకృతిలో దానంతటదే జరగలేదు. జాక్ బ్లాక్ నుంచి మేరీ డగ్లస్ దాకా, కూనూరు నుంచి తార్నాక దాకా, తరతరాలుగా మనమే ఎంచి ఎంచి దానిలో ఆ నమ్మకం పెంచాం. ఆయుష్షు మాత్రం అక్కడే ఉండిపోయింది. చేతిలోకి తీసుకుంటే బెదరకుండా నిద్రపోయే ప్రాణిని తయారుచేసింది మనం. కాబట్టి అది పోయినప్పుడు ఆ బాధ కొంచెం మోయాల్సింది కూడా మనమే. నా మటుకు నాకు ఆ ఖరీదు ఎక్కువేం అనిపించలేదు.

తా.క.: ఇది చదివి ఎవరైనా ఎలుకల్ని తెద్దామనుకుంటే ఒకటి కాదు, రెండు తెచ్చుకోండి, రెండూ ఆడవో రెండూ మగవో అయ్యుండాలి. లేదంటే రెండు నెలల్లో మీ ఇల్లే ఎన్ఐఎన్ అవుతుంది :) ఇంకోటి, ఎలుకని చూసే పశువుల డాక్టరు మీ ఊళ్ళో ఉన్నాడో లేడో తెచ్చుకోకముందే కనుక్కోండి.